కారణం: వాడినవారి నిర్లక్ష్యం

సర్వీసు లైనులో కొత్తగా చేరిన పిల్లలు కనిపించినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతుంటారు. "ఇన్నేళ్లలో మీకు అంతుపట్టని కేసు ఏదన్నా ఉందా సార్?" అని. అంతుపట్టనివి చాలానే ఉన్నాయి. వాటిని హాయిగా మర్చిపోయాను. నన్ను ఇప్పటికీ వదలనిది అంతుపట్టిన కేసు. అది మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా చేసిందేమీ లేదు, ముందే చెబుతున్నాను.

నెల్లూరులో ఒక కంప్యూటర్ల సర్వీసు కంపెనీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. టైపు మిషన్లతో మొదలుపెట్టి లాప్‌టాపులతో ముగించాను. నాకు కోపం ఎక్కువ, వినడం తక్కువ అని మా ఇంట్లోవాళ్ల అభిప్రాయం. చివరిదాకా చదివితే మీకూ అదే అనిపించవచ్చు.

రిటైరవడానికి ఏడాది ముందు సంగతి. కోట ఊరు దాటి సముద్రం వైపు వెళ్తే రొయ్యపిల్లల హ్యాచరీలు వరసగా ఉంటాయి. హ్యాచరీ అంటే రొయ్యలకు ప్రసూతి ఆసుపత్రి అనుకోండి. అక్కడ పుట్టిన పిల్లల్ని రైతులు కొనుక్కుపోయి చెరువుల్లో వేసుకుంటారు. అలాంటి ఒక హ్యాచరీ నుంచి మేనేజరు ఫోను చేశాడు. లాబ్‌లో ఉన్న లాప్‌టాప్ మొరాయిస్తోంది, అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి, మధ్యలో బిగుసుకుపోతోంది అన్నాడు. ట్యాంకుల రిపోర్టులన్నీ దాంట్లోంచే రావాలి. రిపోర్టు లేకుండా పిల్లల్ని బయటికి పంపరు.

ఫోనులోనే తేల్చేశాను. "ఆపరేటింగ్ సిస్టమ్ పాడైంది. తీసేసి కొత్తది వేస్తే సరిపోతుంది. గంట పని."

ఆ గంట పని మూడు వారాలు పట్టింది.

హ్యాచరీలోకి వెళ్లడం గుడిలోకి వెళ్లడం కన్నా పెద్ద తంతు. బయటి క్రిమి ఒక్కటి లోపల పడితే ట్యాంకులకు ట్యాంకులు పోతాయని వాళ్ల భయం. చెప్పులు గేటు దగ్గరే వదలాలి. ఊదారంగు నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచాలి. చేతులు మందునీళ్లతో కడగాలి. పొడుగు కోటు తొడుక్కోవాలి, నెత్తికి టోపీ పెట్టుకోవాలి. మన సామాను మాత్రం మనతో రాదు. గోడలో చిన్న కిటికీ ఉంటుంది, దాని వెనక ఒక పెద్దామె కూర్చుని ఉంటుంది. అందరూ ఆమెను అక్కా అని పిలుస్తారు. సంచి ఆమెకు ఇచ్చి, మనం చుట్టూ తిరిగి ఈ తంతులన్నీ ముగించుకుని లోపలికి చేరేసరికి, మన వస్తువులన్నీ ఒక ప్లాస్టిక్ ట్రేలో ముచ్చటగా సర్ది ఉంటాయి. మా ఇంట్లో కూడా నా సామాను ఎవరూ అంత పద్ధతిగా సర్దలేదు.

లాబ్‌లో లాప్‌టాప్ దగ్గర కూర్చునేది ముప్పై ఏళ్లు కూడా లేని ఒక అమ్మాయి. దగ్గర్లోని పల్లె కోడలు. డిగ్రీ చదివి, కోటలో కంప్యూటరు నేర్చుకుని, నాలుగేళ్లుగా ఆ ఉద్యోగం చేస్తోంది. ఆ హ్యాచరీలో ఆడవాళ్లు చాలామందే ఉన్నారు కానీ తక్కినవాళ్లందరూ ట్యాంకులు కడగడం, నీళ్లు మార్చడం, మేత వేయడం. కుర్చీలో కూర్చుని పనిచేసే ఆడమనిషి ఆమె ఒక్కతే. కుర్చీ వెనక ఒక చిన్న శిలువ బొమ్మ అంటించి ఉంది. బల్ల మీద ఒక్క కాగితం ముక్క కూడా వంకరగా లేదు.

నేను పాతది చెరిపేయబోతుంటే అడిగింది. "సార్, రిజిస్టర్లన్నీ కాపీ తీసినారా? మూడేళ్ల ట్యాంకుల వివరాలు ఉండాయి దాంట్లో."

"నాకు తెలుసమ్మా" అన్నాను. నిజానికి తీయలేదు. తియ్యబోతున్నానన్నట్టు నటించి తీశాను.

పాత సిస్టమ్ చెరిపేసి, కొత్తది ఉన్న పెన్‌డ్రైవు పెట్టాను. బాగానే మొదలైంది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఫైళ్లు చదవలేకపోతున్నాను అని తెరమీద పడింది. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఇంకా ముందే ఆగింది. మూడోసారి అసలు పెన్‌డ్రైవే కనిపించలేదు. పాతది పోయింది, కొత్తది రాలేదు. లాప్‌టాప్ వట్టి పలకైపోయింది.

నెల్లూరు తిరిగొచ్చి ఆ పెన్‌డ్రైవును షాపులో మిషనుకు పెడితే చక్కగా పనిచేసింది. అయినా అనుమానం తీరక, కొత్త పెన్‌డ్రైవు తయారుచేసి, షాపులో రెండుసార్లు పరీక్షించి మర్నాడు తీసుకెళ్లాను. అక్కడ పెడితే మళ్లీ అదే కథ. అంత అనుభవంలో ఒకే రోగం రెండు పెన్‌డ్రైవులకు రావడం నేను చూడలేదు.

లాప్‌టాప్‌ను షాపుకు పట్టుకుపోతానంటే మేనేజరు ఒప్పుకోలేదు. "బయటికి పోయిన వస్తువు లోపలికి రావాలంటే పెద్ద తతంగం సార్. ఏం చేసినా ఈడనే చెయ్యండి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. రిపోర్టులన్నీ చేత్తో రాయించాల్సి వచ్చి, రైతుల ఫోన్లకు జవాబు చెప్పలేక విసిగిపోయి ఉన్నాడు. ఆ విసుగు నామీద చూపిస్తున్నాడు. నేను దాన్ని ఎవరిమీద చూపించాలా అని వెతుక్కుంటున్నాను.

మూడోరోజు లాప్‌టాప్‌ను విప్పాను. కీబోర్డు కింద తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు పొర. పెన్‌డ్రైవు పెట్టే సందుల్లో పచ్చగా చిలుము. దొరికిందనుకున్నాను. నీళ్లో, టీయో, కూల్‌డ్రింకో దాని మీద ఒలికింది. ఒలికించిన మనిషి తుడిచేసి చెప్పకుండా ఊరుకుంది.

"ఏం ఒలికించావమ్మా దీని మీద?" అన్నాను.

"నేనా? ఏం ఒలకలేదు సార్. నీళ్ల సీసా గూడా నేను ఈ గదిలోకి తీసకరాను."

"ఒలక్కుండానే ఇదంతా వచ్చిందా?"

ఆమె వంగి ఆ తెల్లటి పొరను చాలాసేపు చూసింది. "దీన్ని రోజుకు రెండు తూర్లు కిటికీ కాడ తుడస్తారు సార్. అటుపక్క షెడ్డులో ట్యాంకుల కాడికి తీసకపోయేటప్పుడు ఒక తూరి, తిరిగొచ్చేటప్పుడు ఒక తూరి. దానివల్ల ఏమన్నా..."

"తుడిస్తే మంచిదేలే. దుమ్ము పోతుంది" అన్నాను. "కంప్యూటరు సంగతి నాకు వదిలెయ్యి."

దేంతో తుడుస్తారు అని నేను అడగలేదు. ఒక్క మాట. అడగడానికి రెండు క్షణాలు పట్టేది.

మా కంపెనీలో ప్రతి పనికీ జాబ్ కార్డు రాయాలి. రైతులకూ అర్థం కావాలని మా ఓనరు దాన్ని తెలుగులో అచ్చు వేయించాడు. ఫిర్యాదు ఒక గడి, చేసిన పని ఒక గడి, చివర్లో కారణం అని ఒక గడి. ఆ గడి ఖాళీగా వదిలితే పనివాడికి చేతకాలేదని అర్థం. నా సర్వీసులో నేను దాన్ని ఖాళీగా వదిలింది లేదు. ఆ రోజు కూడా వదల్లేదు. గుండ్రటి అక్షరాలతో రాశాను. "ద్రవం ఒలికింది. వాడినవారి నిర్లక్ష్యం." సంతకం పెట్టి మేనేజరు చేతికిచ్చాను. చెన్నై నుంచి కొత్త కీబోర్డు, సందులున్న చిన్న బోర్డు రావాలి, పది పదిహేను రోజులు పడుతుందని చెప్పి, బండెక్కి హాయిగా ఇంటికొచ్చాను. ఆ రాత్రి నిద్ర కూడా బాగా పట్టింది.

సామాన్లు వచ్చాక నాలుగోసారి వెళ్లాను. లాబ్‌లో కుర్చీ ఖాళీగా ఉంది. సెలవు పెట్టిందేమో అనుకున్నాను. సీలు వేసిన కవర్లలోంచి తీసి కొత్త కీబోర్డు వేశాను, కొత్త బోర్డు బిగించాను. కొత్త పెన్‌డ్రైవు పెట్టాను. సగానికి వచ్చి ఆగిపోయింది.

పాడైందన్న ప్రతి ముక్కా మార్చేశాను. ఇంక మార్చడానికి ఏమీ మిగల్లేదు, నేను తప్ప. బండి డిక్కీలో ఇంకో పెన్‌డ్రైవు ఉందని గుర్తొచ్చి బయటికి పరుగెత్తాను. తెచ్చి కిటికీలో అక్కకు ఇచ్చాను. మామూలుగా అయితే కాళ్లు కడుక్కుంటూ చుట్టూ తిరిగి రావాలి. కానీ ఆ కిటికీ గది పక్క తలుపు ఆ రోజు ఓరగా తెరిచి ఉంది. తొందరలో అటు చూశాను.

అక్క నా పెన్‌డ్రైవు మూత తీసింది. మూతను ఒక మగ్గులో వేసింది. పెన్‌డ్రైవును ఇంకో మగ్గులో ముంచింది. మగ్గులో గోధుమరంగు మందునీళ్లు. రెండుసార్లు తిప్పి తీసి, బియ్యం చేటలో చెరిగినట్టు విదిలించి, బట్టతో తుడిచి, చిన్న ఫ్యాను ముందు పెట్టింది. మళ్లీ మూత పెట్టి ట్రేలో నాజూగ్గా సర్దింది.

తలుపు తోసి అడిగాను. "అక్కా, ఏం చేస్తున్నావు?"

"కడగతా ఉండా సార్."

"లోపల కూడానా?"

"లోపల గూడా తడవాల గదా. పైపైన తుడిస్తే క్రిమి చావదంట. మేనేజరు సారే చెప్పినాడు, లోపలికి పొయ్యేది ఏదైనా మందులో మునగాల్సిందేనని."

"ఎప్పటినుంచి?"

"నేను చేరినకాడ్నించి. మీవి ఇంతకముందువి గూడా నేనే కడిగినా. పెన్నులు, టార్చిలైట్లు, కళ్లద్దాలు, అన్నీ ముంచుతాం. ల్యాప్‌టాపును మాత్రం ముంచం సార్. అది పాడైపోద్ది. దానికి పైన మందు కొట్టి తుడస్తాం."

ఆమె ముఖంలో తప్పు చేసిన భావం ఎక్కడా లేదు. ఉండాల్సిన పనీ లేదు. ఆమె పని ఆమె నాకన్నా శ్రద్ధగా చేసింది. సగం ఆరిన పెన్‌డ్రైవు హ్యాచరీలో సగం దాకా పనిచేసేది, నెల్లూరు చేరేసరికి పూర్తిగా ఆరి పూర్తిగా పనిచేసేది. లాప్‌టాప్‌ లోపలి తెల్లటి పొర టీ కాదు, కూల్‌డ్రింకూ కాదు. ఏళ్ల తరబడి రోజుకు రెండుసార్లు దాని మీద కొట్టిన మందు. అంతా ఒక్కసారిగా అర్థమై దిమ్మతిరిగింది. నవ్వొచ్చింది కూడా, అబద్ధం చెప్పను.

బండిలో ఇంకో పెన్‌డ్రైవు మిగిలి ఉంది. దాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి మూతి బిగించి ఇచ్చాను. అక్క కవరును శుభ్రంగా కడిగింది. వాళ్ల నియమం వాళ్లకు నిలిచింది, నా పెన్‌డ్రైవు నాకు దక్కింది. ఈసారి సిస్టమ్ ఎక్కడా ఆగకుండా చివరిదాకా ఎక్కింది. చివర్లో తెరమీద ఖాళీ గడి ఒకటి వచ్చింది. ఈ కంప్యూటరును వాడేవారి పేరు రాయమని.

ఆ అమ్మాయిని పిలవబోయి, ఖాళీ కుర్చీ చూసి, మేనేజరును అడిగాను. "ఆమె ఎప్పుడొస్తుంది? పేరు కొట్టాలి."

"ఆమె లేదు గదా సార్. మీరు కాగితం రాసిచ్చిన మర్నాడే మానిపించినాం" అన్నాడు.

"ఏ కాగితం?"

"మీదే సార్. నిర్లక్ష్యం అని రాసినారు గదా. అది చూసినాక ఎట్టా పెట్టుకుంటాం? రేపు ట్యాంకు వివరాలు తప్పుగా కొడితే ఎవరు జవాబుదారీ? ఒలికించలేదు ఒలికించలేదు అని ఒకటే ఏడుపు. చదువుకున్న సారు అబద్ధం రాస్తాడా అన్నాను."

పిల్లలూ, నా ఉద్యోగంలో నాకు కరెంటు షాకు చాలాసార్లు కొట్టింది. అవేవీ ఇంత బలంగా కొట్టలేదు. ఆ గడిలో నేను రాసే మాటను ఒక మనిషి చదువుతాడని, చదివి దాని ప్రకారం ఏదో ఒకటి చేస్తాడని, అన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. నేను కారణం రాసేది గడి నింపడానికి.

మరి అప్పుడే నిజం చెప్పావా అని మీరు అడుగుతారు. చెప్పలేదు. ఆ రోజు జాబ్ కార్డులో కారణం గడి మొదటిసారి ఖాళీగా వదిలి, రేపొచ్చి మిగతా పని చూస్తానని బయటపడ్డాను.

సాయంత్రం దారి అడుక్కుంటూ ఆమె పల్లెకు వెళ్లాను. అప్పుడే పనినుంచి వచ్చి ఇంటిముందు చేతులు కడుక్కుంటోంది. దగ్గర్లో రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరిందట. ఐసులో నాని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి. పెంకులు గీరుకుని అక్కడక్కడా ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేకపోయాను.

జరిగింది చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు. కోప్పడలేదు.

"నిన్ను మళ్లీ తీసుకునేలా నేను చూస్తానమ్మా" అన్నాను. దారి పొడుగునా ఆలోచించి పెట్టుకున్న ఉపాయం బయటపెట్టాను. "సముద్రపు గాలి, ఉప్పు తేమ వల్ల పాడైందని కొత్త కార్డు రాసిస్తాను. గాలి మీద పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"గాలా సార్?" అంది.

"అందరూ నమ్ముతారు. ఇక్కడ అన్నీ తుప్పు పడతాయి కదా."

"ఎవరికీ ఇబ్బంది ఉండదంటే, మీకు ఉండదు సార్" అంది నెమ్మదిగా. "నేను ఒలికించినానని రాసిన కాగితం అట్టనే ఉంటాది. నేను ఏడ్చింది అబద్ధం అన్నది అట్టనే ఉంటాది. దయదలిచి మళ్లీ పెట్టుకున్నారు అంటారు. నాకు ఆ కుర్చీ అట్ట వద్దు."

నేను బండి వైపు నడవబోతే ఆపింది.

"రేపు పొద్దున ఏడు గంటలకు రోడ్డు మీదికి రండి సార్. మా హ్యాచరీ ఆడోళ్లు పొయ్యే ఆటో వస్తాది. దాంట్లో నాతో రండి. వాళ్లకు చెప్పండి. ఆటోలో అందరికీ తెలిసిపొయ్యింది గదా నేను ఒలికించినానని."

న్యాయమే అనిపించింది. మర్నాడు నా బండి వాళ్ల ఇంటిముందు పెట్టి ఆమెతోపాటు రోడ్డు మీద నిలబడ్డాను. వచ్చిన ఆటోలో పదకొండు మంది ఆడవాళ్లున్నారు. ఎలా పట్టారో ఆ ఆటోకే తెలియాలి. కిటికీ అక్క కూడా వాళ్లలో ఉంది. డ్రైవరు తన సీట్లో సగం నాకిచ్చాడు. ఒక తుంటి లోపల, ఒక తుంటి బయట పెట్టుకుని, గొంతు సవరించుకుని, వెనక్కి తిరిగి చెప్పాను. లాప్‌టాప్ పాడవడంలో ఈ అమ్మాయి తప్పేమీ లేదనీ, మందునీళ్ల వల్ల పాడైందనీ, మందు కొట్టినవాళ్ల తప్పూ లేదనీ, ఈ అమ్మాయి ఆ సంగతి నాకు చెప్పబోతే నేను వినకుండా నోరు మూయించి అబద్ధం రాశాననీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఎవరూ నోరెళ్లబెట్టలేదు. వెనక మూలనుంచి ఒకామె అంది. "మాకు తెల్సు సార్."

"ఏం తెలుసు?"

"మందు నీళ్లకే పాడైందని. ఆ పిల్ల నీళ్ల సీసా గూడా మా కాడే పెట్టి పోతాది. మా అందరికీ తెల్సు."

"నాకు గూడా తెల్సు సార్" అన్నాడు డ్రైవరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"మమ్మల్ని ఎవురు అడిగినారు?" అంది కిటికీ అక్క.

చెన్నైనుంచి సామాన్లు తెప్పించి, మూడు వారాలు తలబద్దలు కొట్టుకుని నేను కనిపెట్టిన రహస్యం ఆటోలో అందరికీ తెలుసు. తెలియనివాళ్లం ఇద్దరమే. రాసిన నేను, చదివిన మేనేజరు.

హ్యాచరీ గేటు దగ్గర దిగాక ఆ అమ్మాయిని పక్కకు పిలిచాను. "వీళ్లందరికీ ముందే తెలుసు. నీమీద ఎవరికీ అనుమానమే లేదు. మరి నన్నెందుకమ్మా ఆటో ఎక్కించావు?"

ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది. "వాళ్ల కోసం కాదు సార్. పన్నెండు మంది ముందర చెప్పినారు గదా ఇప్పుడు. ఇంక లోపలికి పొయ్యి మేనేజరు సారు కాడ గాలి అనలేరు."

నిజానికి ఆ ఉదయం ఆటో దిగేదాకా కూడా నా మనసులో ఆ గాలి మాట ఒక మూల మిగిలే ఉంది. ఆటోలో వీళ్లకు నిజం చెప్పేసి, ఆఫీసులో గాలి అని రాసేస్తే సరిపోతుందని అనుకుంటూనే ఉన్నాను. ఆ సంగతి నాకన్నా ముందు ఆమె కనిపెట్టింది.

మేనేజరు గదిలో, ఆయన ముందే, కొత్త కార్డు రాశాను. "కారణం: పరికరాలపై మందు ద్రావణం. వాడినవారు చెప్పారు. సర్వీసు చేసినవాడు వినలేదు." ఆయన రెండుసార్లు చదివాడు. నావైపు చూడకుండా లేచి వెళ్లి ఆమెను తనే లోపలికి పిలిచాడు. కిటికీ అక్క పని అక్కకు ఉంది. ఒక అట్టముక్క మీద, కరెంటు వస్తువులు కవర్లో పెట్టి కవరు కడగవలెను అని రాసి అంటించారు. ఆ అక్షరాలు ఆ అమ్మాయివే.

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. తెరమీద ఆ ఖాళీ గడి ఇంకా అలాగే ఉంది. ఐసుకు మొద్దుబారిన వేళ్లతో, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ తన పేరు కొట్టింది. నాకు థాంక్సు చెప్పలేదు. చెప్పనందుకు నాకు ఊరటగా అనిపించింది.

"రిజిస్టర్ల కాపీ ఉండాది గదా సార్?" అంది.

ఉందని చెప్పి, ఎక్కడెక్కడ ఏమేం ఉన్నాయో ఆమెను అడిగాను. ఆమె చెబుతుంటే విన్నాను.